నాలుగో గడ్డ

మూడోసారి కూడా గుళికలు గడ్డకట్టాయి. మూడోసారి కూడా బావ సిలిండరును తలకిందులు చేసి, కొయ్య కాడతో దాని అడుగున కొడుతున్నాడు.

మోచేతి పొడవున్న సిలిండరు అది. అద్దంలాంటి ప్లాస్టిక్కుతో చేసింది కనుక లోపలి గుట్టు దాచుకోలేదు. అందులో ఆవగింజంత తుప్పురంగు గుళికలుంటాయి. అడుగు నుంచి ఉప్పునీరు మెల్లగా తోస్తుంటే పై పొర మరగబోయే నీటిలా సన్నగా కదులుతూ ఉండాలి. పై అంతస్తులో అక్వేరియానికి వచ్చిన జనం నోళ్ళు తెరిచి చూసే పగడాల తొట్టికి ఈ గుళికలే కాపలా. చేపల మేత నుంచి నీటిలో పేరుకునే ఫాస్ఫేటును అవి పట్టి ఉంచుతాయి. పట్టకపోతే అది నాచుకు మేత, పగడాలకు చేటు. నెల రోజులు పనిచేయవలసిన గుళికలు వారం తిరక్కుండా ఒకే ముద్దై కూర్చుంటున్నాయి. నీరు ముద్దను తాకకుండా పక్కనుంచి జారిపోతోంది. ఇప్పటికి నాలుగు పగడాలు పోయాయి.

ముద్ద దబ్బుమని ట్రేలో పడింది. విరగలేదు. ఇటుకకు తోబుట్టువులా ఉంది.

"బాబాయ్," అన్నాడు బావ, తల ఎత్తకుండా. "నా వీపు మీద నిలబడ్డవాళ్ళకి చెప్పు, కాస్త గాలి వదలమని."

బాబాయి అంటే మోటార్లు చూసే పెద్దాయన. ఎవరికీ చుట్టం కాదు; ఆ నేలమాళిగలో అందరికీ బాబాయే. చేతిగుడ్డతో గ్రీజు తుడుచుకుంటూ, బావ వెనక కలం పట్టుకుని నిలబడ్డ మరదలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, కొంచెం జరగమంటున్నాడు."

"గడ్డ తూకం రాసుకోవాలి బాబాయ్. పరాచికాలు తర్వాత ఆడుకోమనండి."

"తూచి ఇచ్చెయ్యవయ్యా."

"తూచమను. తూచడం, రాయడం, ఎక్కించడం, అవన్నీ వాళ్ళ పనులేగా. మోసేదీ కడిగేదీ మనం."

బావ ఆమెకు స్వయానా అక్క మొగుడు. ఒకే నేలమాళిగలో ఆయన వడపోత చూస్తాడు, ఆమె నీళ్ళు పరీక్షిస్తుంది. గాజు గొట్టంలో మందు చుక్క చుక్కగా వేసి, రంగు మారేదాకా లెక్కపెట్టే పని కనుక అందరూ ఆమెను చుక్కలమ్మ అంటారు. ఆమె తండ్రి పోయిన రాత్రి ఆయనకు మాత్ర వెయ్యడం మరిచిందెవరన్న తగాదా పెరిగి, రెండేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఉద్యోగం మాత్రం మాటల్లేకుండా నడవదు. అందువల్ల ఒకరి మాటలు ఇంకొకరికి బాబాయి చేరవేస్తాడు, నిండు బకెట్టు మోసినట్టు, దారిలో కొంత ఒలకబోస్తూ.

ఆ మధ్యాహ్నమే ఆమె రిజిస్టరులో నివేదిక రాసింది. కొత్త గుళికల్లో పొడి ఉంటుంది. దాన్ని కడగకుండా పోస్తే పొడి వెళ్ళి పై స్పాంజిలో ఇరుక్కుంటుంది. నీటి జోరు తగ్గుతుంది. కదలని గుళికలు అతుక్కుంటాయి. ఇందులో ప్రతి మెట్టూ నిజమే. చివరి వాక్యం ఇలా ఉంది: "గుళికలు నింపిన ఉదయం కడిగే బకెట్టు పొడిగా ఉన్నది. కాబట్టి వడపోత ఉద్యోగి వాటిని కడగలేదు."

పదకొండేళ్ళలో ఆమె రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. అందువల్ల అధికారి రెండోసారి చదవలేదు. శనివారం విచారణ అన్నాడు. తేలితే బావకు పగడాల విభాగంతో రుణం తీరినట్టే, ఐసుగదికి పోయి చేపల మేత కోసుకోవాలి. శనివారం దాకా సిలిండరు ఆమే చూసుకోవాలి.

సంగతి విన్న బావ ట్రే కింద పెట్టి, నెమ్మదిగా లేచాడు.

"బకెట్టు పొడిగా ఉందని రాశారా? బాబాయ్, నా చొక్కా కూడా పొడిగానే ఉంది. పుట్టాక స్నానమే చెయ్యలేదని అది కూడా రాసుకోమను."

బాబాయి ఈ మాటను చేరవెయ్యలేదు. అవసరం లేకపోయింది. ఆమె రెండు గజాల దూరంలోనే ఉంది.

*

సోమవారం ఆమె తన చేతులతో గుళికలు కడిగింది. మొదటి నీళ్ళు ఎర్రమట్టి వరదలా వచ్చాయి. వంచి మళ్ళీ పోసింది. మూడో నీటికి టీ రంగు, ఐదో నీటికి గడ్డి రంగు. ఏడో నీళ్ళు గాజు గ్లాసులో పట్టి దీపానికి ఎత్తి చూసింది. అవతలి గోడ మీది మేకు కనిపించింది. అప్పుడు గుళికలను గరిటెతో, ఒత్తకుండా, సిలిండరులో వేసింది. స్పాంజి కొత్తది వేసింది. వాల్వు తిప్పుతూ, పై పొర కదలడం మొదలైన చోట ఆపి, అక్కడ పెన్సిలుతో గీత గీసింది. కడిగిన నీళ్ళెన్నో, గీత ఎక్కడో, అన్నీ రాసింది. చేస్తే ఇలా చెయ్యాలి అని ఎవరితోనూ అనలేదు. చూస్తున్నవాళ్ళు బాబాయి తప్ప ఎవరూ లేరు.

"బాగా ఆడుతున్నాయమ్మా," అన్నాడాయన, ఎందుకో దిగులుగా.

బావ ఆ వారం మెట్ల కింద పాత గొట్టాలు తోముతున్నాడు. ఆమె అటు వెళ్ళినప్పుడల్లా బ్రష్షు చప్పుడు పెరిగేది.

మంగళవారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. కుశల ప్రశ్నలు లేవు.

"ఏమే, నా మొగుణ్ణి ఐసుగదిలోకి తోస్తున్నావట?"

"నేను తొయ్యడమేంటక్కా. గుళికలు గడ్డకట్టాయి. ఎందుకు కట్టాయో రాశాను."

"ఆయన వేళ్ళ సంగతి నీకు తెలీదూ? కాస్త చలి తగిలితే పాలిపోయి, కర్రలయిపోతాయి. పోయిన చలికాలం చొక్కా బొత్తాలు నేను పెట్టాను, తెలుసా? ఆ చేతుల్తో ఐసు ముక్కలు పట్టుకుని కత్తితో కొయ్యాలట!"

"వేళ్ళకీ గుళికలకీ సంబంధం లేదక్కా."

"నీకు దేనికీ సంబంధం లేదు. చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూచుంటావు. చిన్నప్పుడు నేను పంచదార డబ్బా ముట్టానని అమ్మకు రుజువుతో సహా చూపించావు గుర్తుందా? చీమలు నా మంచం దాకా వచ్చాయని! చీమలకు నేను తప్ప దిక్కులేనట్టు!"

"తిన్నావు కదా మరి."

"తిన్నాను. అదీ నా ఏడుపు. నువ్వు ఒకసారి కరెక్టయితే చాలు, ఇంక లోకమంతా పంచదార దొంగలే నీకు."

ఫోన్ పెట్టేసిన చప్పుడు చెంప మీద కొట్టినట్టు వినిపించింది. బావ వేళ్ళ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి రాసిందా అంటే, రాసేటప్పుడు గుర్తు రాలేదు. గుర్తు వచ్చాక బాధ కలగలేదు. ఆ రెండో సంగతి ఆమె తన దగ్గర కూడా ఒప్పుకోలేదు.

*

గురువారం ఉదయం, సందర్శకులకు తలుపులు తీయడానికి గంట ముందు, ఆమె నేలమాళిగ దీపం వేసేసరికి పై పొర కదలడం లేదు.

వాల్వు కాస్త తిప్పింది. నీరు సన్నటి దారంలా సిలిండరు గోడ వెంబడి ఎగబాకి పైకి పోయింది. గుళికలు చలించలేదు. పంపు ఆపి, మూత విప్పి, వేలు పెట్టింది. గట్టిగా ఉంది. వేలు ఇంకాస్త నొక్కింది. రాయి.

నాలుగో గడ్డ. ఏడు నీళ్ళతో కడిగినది. తన చేతులతో.

దొంగకు తేలు కుట్టినట్టు ఆమె అటూ ఇటూ చూసింది. గంట టైముంది. కాడతో కొట్టి పగలగొడితే, కొత్త డబ్బా విప్పి పోస్తే, ఈ గడ్డ సంగతి నేలమాళిగ గోడలకు తప్ప తెలియదు. ఎల్లుండి విచారణలో గుళికలు ఆడుతూ ఉంటాయి. అధికారి కిందికి దిగి చూస్తాడు, తల ఊపుతాడు, అయిపోతుంది. కాడ చేతిలోకి తీసుకుంది కూడా. అలా ఎంతసేపు నిలబడిందో ఆమె ఎక్కడా రాయలేదు.

తర్వాత ముద్దను చెక్కుచెదరకుండా ట్రేలోకి దింపి, కొస నుంచి ఒక ముక్క విరిచింది.

పొడే కారణమైతే ఈ ముక్కను నీళ్ళలో నలిపితే బురద కావాలి. నలిపింది. పెంకుల్లా చిట్లింది, నీళ్ళు తేటగానే ఉన్నాయి. క్రిములు పెరిగి జిగురుతో అతికించాయేమో అని వాసన చూసింది. ఉప్పు వాసన తప్ప ఇంకేమీ లేదు. వేళ్ళకు జారుడు కూడా తగల్లేదు. భూతద్దం కింద పెడితే, గుళికకూ గుళికకూ మధ్య పాల మీగడ రంగులో సన్నటి పూత కనబడింది. గోడ ఇటుకల మధ్య గచ్చులాగా.

పంపులు తోమడానికి వాడే వెనిగర్ సీసా తెచ్చి, రెండు గ్లాసుల్లో పోసింది. ఒకదానిలో డబ్బాలోని కొత్త గుళికలు వేసింది. చప్పుడు లేదు. రెండోదానిలో గడ్డ ముక్క వేసింది. తుస్సుమంటూ బుడగలు లేచాయి. ముక్క చుట్టూ నురుగు కట్టి, కాసేపటికి గుళికలు ఒక్కొక్కటే విడిపోయి అడుగున పరుచుకున్నాయి.

సున్నం.

తొట్టి నీటిలో సున్నం మోతాదు సరిగానే ఉందని ఆమె రిజిస్టరే చెబుతోంది. మొత్తం నీరు సరిగా ఉండి, ఈ గుళికలకు మాత్రం సున్నం పట్టిందంటే, వీటి నోటికి దగ్గరలోనే ఎక్కడో అది చిక్కగా ఉండాలి. సిలిండరుకు నీరు, గదులుగా విడదీసిన అడుగు తొట్టిలో, మూడో గదిలోని చిన్న పంపు నుంచి వస్తుంది. టార్చి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. పంపు మూతికి జానెడు పైన ఒక సన్నటి గొట్టం వేలాడుతోంది. దాని కొసన ఒక చుక్క ఊరింది, బరువెక్కింది, పడింది. పంపు దాన్ని పడీ పడకముందే పీల్చేసింది.

అది సున్నపు తేట. ఆవిరైపోయిన నీటి స్థానంలో డ్రమ్ము నుంచి చుక్కలుగా పడుతుంది. పగడాలు తమ ఎముక దానితోనే కట్టుకుంటాయి. అది పడవలసింది మొదటి గదిలో. అక్కడ నీరు సుడి తిరిగి, కలిసి, పలచనై వస్తుంది. ఇక్కడ పడితే నేరుగా గుళికల నెత్తిన పూతే. సున్నపు ఘాటు తేల్చే పీహెచ్ మీటరు ముంచింది. మొదటి గదిలో ఎనిమిది పాయింట్ రెండు. పంపు మూతి దగ్గర తొమ్మిది పాయింట్ తొమ్మిది.

గొట్టం ఎవరు మార్చారో వెతకవలసిన పని లేదు. డ్రమ్ముకు తాళం ఉంది, తాళంచెవి ఆమె నడుముకుంది. ఆ గొట్టాన్ని ముట్టినందుకు నిరుడు బావ మీద మెమో రాసింది కూడా ఆమే. అయినా రిజిస్టరు వెనక్కి తిప్పింది. ఆరు వారాల కిందట, తన గుండ్రటి అక్షరాల్లో: "మొదటి గదిలో తేట చుక్కలవల్ల నమూనా అంకెలు చెదురుతున్నవి. గొట్టం మూడో గదికి మార్చాను." మొదటి గడ్డ ఆ తర్వాత తొమ్మిదో రోజున కట్టింది. ఆమె అంకెలు ఆరు వారాలుగా నిక్షేపంలా ఉన్నాయి. వాటి ఖరీదు నాలుగు పగడాలు.

బకెట్టు ఎందుకు పొడిగా ఉందో ఆమె ఏనాడూ అడగలేదు. బయటి కుళాయి దగ్గర ఇంకో బకెట్టు ఉంది. ఉందని ఆమెకు తెలుసు. ఆ ఆలోచన వెంటే ఇంకోటి వచ్చింది: తండ్రి మంచం పక్క బల్ల మీద, చింపని మాత్రల అట్ట. బావ మాత్ర వెయ్యలేదనడానికి రెండేళ్ళుగా అదే ఆమె దగ్గరున్న రుజువు. సొరుగులో ఇంకో అట్ట ఉందో లేదో అప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూడడానికి ఆ సొరుగే లేదు.

ముందు గొట్టాన్ని మొదటి గదికి మార్చింది. లేచి నిలబడేసరికి బాబాయి వెనకే ఉన్నాడు. గ్లాసులోని నురుగు చూసి, చేతిగుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టాడు.

"వాడూ ఇలాగే పోశాడమ్మా," అన్నాడు.

"ఎవరు?"

"మీ బావ. రెండో గడ్డ కట్టినప్పుడు. ఇలాగే పొంగింది."

"తెలుసా ఆయనకి?" ఆమె గొంతు పైకి లేచింది. "తెలిసి నోరు మూసుకుని కూచున్నాడా? నేను రాసేదాకా ఆగి, శనివారం అందరి ముందూ నా పరువు తీద్దామనా? పగడాలు చస్తున్నా సరేనా?"

"అయ్యో, చెప్పాడమ్మా. నీకు చెప్పమని నాకు చెప్పాడు. గొట్టం మొదటి గదికి మార్చమని."

"మీరు నాకు చెప్పలేదు."

"ఎలా చెప్పను? వాడు ఉత్త మాట చెప్తే కదా. ముందు నాలుగు తిట్లు, వెనక నాలుగు తిట్లు. మధ్యలో మీ నాన్న మాత్రల మాట కూడా తెచ్చాడు. 'అప్పుడు మనిషిని చంపింది, ఇప్పుడు పగడాల్ని' అన్నాడు. అది మోసుకొచ్చి నీ మొహాన ఎలా పొయ్యను? రెండేళ్ళుగా మీ ఇద్దరి మాటల్లో ముళ్ళు ఏరి ఏరి ఇస్తున్నాను. ఆరోజు ముళ్ళతోపాటు ఆకు కూడా పారేశాను. చెప్పేశానని వాడితో అన్నాను."

"అంటే ఆయన దృష్టిలో..."

"విని కూడా నువ్వు కావాలనే మార్చలేదనుకుంటున్నాడు. పైగా వాడి మీదే రాశావని." బాబాయి గుడ్డను ఇంకో మడత పెట్టాడు. అది ఇంక మడవడానికి లొంగలేదు. "అమ్మాయ్, శనివారం నన్నడిగితే నాకేమీ గుర్తులేదనే చెప్తాను. నాలుగు నెలల్లో ఇంటికి పోయేవాణ్ణి. ఈ వయసులో నాకు విచారణలొద్దు."

"అలా చెప్తే ఆయన మాట ఎవరు నమ్ముతారు?"

"ఎవరూ నమ్మరు," అన్నాడు బాబాయి, నిజాయితీగా.

*

శనివారం అధికారి గదిలో ఫ్యాను కింద ఒక కాగితం రెపరెపలాడుతోంది. దాని మీద పేపర్‌వెయిట్ పెట్టి ఉంది. బావ గోడకు ఆనుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఆ వారమంతా తడిసిన వేళ్ళ కొసలు ముడతలు పడి ఉన్నాయి. బాబాయి గుమ్మం దగ్గర, లోపలా కాకుండా బయటా కాకుండా ఉన్నాడు.

"త్వరగా కానిద్దాం," అన్నాడు అధికారి. "నివేదికలో ఉన్నదేనా? ఇంకేమైనా చేర్చాలా?"

"కొట్టెయ్యాలి సార్," అంది ఆమె.

రిజిస్టరు తెరిచి, స్కేలు పెట్టి, చివరి వాక్యం మీద ఒకే ఒక్క గీత గీసింది, కింది అక్షరాలు కనబడేటట్టు. పక్కన తేదీ వేసి సంతకం చేసింది. తర్వాత కొత్త పేజీ చదివింది: నాలుగో గడ్డ, రెండు గ్లాసులు, రెండు అంకెలు, గొట్టం, మార్చిన తేదీ, మార్చిన మనిషి. చదువుతున్నంతసేపూ గొంతు మామూలుగానే ఉంది.

అధికారి కళ్ళజోడు తీశాడు. "ఇది ముందే చూసుకోవద్దా? మనుషుల మీద రాసేముందు?"

"చూసుకోవాలి సార్."

"కడిగాడో లేదో తెలీకుండానే కడగలేదని రాశావు!"

"రాశాను. ఇంకొకటి ఉంది. రెండో గడ్డప్పుడే ఈయన సరైన కారణం కనిపెట్టారు. గొట్టం మార్చమని చెప్పారు."

గోడ దగ్గర బావ చేతులు చంకల్లోంచి బయటికొచ్చాయి.

"చెప్తే ఎందుకు మార్చలేదు మరి?"

"నాకు చేరలేదు సార్."

గుమ్మం దగ్గర బాబాయి ఒక అడుగు వెనక్కి వేశాడు. అధికారి ఆయన వైపు చూడబోయి, మళ్ళీ ఆమెనే చూశాడు. "ఎందుకు చేరలేదు? పది అడుగుల గదేగా మీది!"

"మేం మాట్లాడుకోం."

"అంటే?"

"రెండేళ్ళుగా ఒకరితో ఒకరం మాట్లాడుకోం సార్. మాట్లాడుకుని ఉంటే రెండో గడ్డతో ఆగిపోయేది. మూడు పగడాలు బతికేవి."

ఆ మాట ఆ గదిలో, ఆ బల్ల ముందు, చాలా చిన్నపిల్లల మాటలా వినిపించింది. అధికారికి నవ్వు రాబోయి ఆగింది. "ఇది కారణమని పైవాళ్ళకు రాయమంటావా?"

"జరిగింది అదే సార్."

"మంచిదే. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" ఆయన పేపర్‌వెయిట్ మీద వేలితో కొట్టాడు. "బాధ్యుల్ని ఐసుగదికి మారుస్తున్నానని పైకి చెప్పేశాను. ఆర్డరు కూడా టైపయిపోయింది."

"పేరొక్కటే మార్చండి."

ఫ్యాను తిరుగుతోంది. అంతలో బావ గోడను వదిలి ముందుకొచ్చాడు.

"ఇప్పుడు త్యాగాలా?" అన్నాడు. బాబాయి వైపు కాదు, ఎవరి వైపూ కాదు. "చచ్చిన పగడాలు లేచొస్తాయా? వారం రోజులు తుప్పు గొట్టాలు తోమాను. ఇంట్లో మా ఆవిడ అన్నం ముందు కూచుని ఏడ్చింది. ఒక గీత గీస్తే సరా?"

"సరిపోదు," అంది ఆమె.

అది ఒప్పుకోలో ఎదురు మాటో ఆయనకు తేలలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి పోయాడు. నడుము నుంచి తాళంచెవి విప్పి ఆమె బల్ల మీద పెట్టింది. అధికారి కలం తీసి, టైపు చేసిన పేరు కొట్టి, పైన ఆమె పేరు రాశాడు.

*

ఐసుగదిలో మొదటి పాఠం, కత్తిని తొందరపెట్టకూడదని. గడ్డకట్టిన చేప పలకను బల్ల అంచున నిలబెట్టి, కత్తి మొన దించి, పైనుంచి అరచేత్తో బరువు వెయ్యాలి. రెండు జతల చేతితొడుగులు వేసుకున్నా గంటకోసారి బయటికొచ్చి వేళ్ళు రుద్దుకోవాలి. ఆమె వేళ్ళు మామూలు వేళ్ళే. రుద్దితే రంగు వచ్చేవి. వచ్చిన ప్రతిసారీ ఒకటి రెండు క్షణాలు వాటి వైపు చూసేది.

నాలుగో రోజు ఉదయం మేత ట్రే కోసం బావ వచ్చాడు. ఇదివరకు ఆ పని బాబాయిది. బావ గుమ్మం దాటలేదు. చలి తనదాకా రాని చోట ఆగి, చేయి చాపాడు.

"ముక్కలు పెద్దవిగా ఉన్నాయి," అన్నాడు ట్రే చూసి. "చిన్న చేపలు మింగలేవు. మిగిలింది నీళ్ళలో కుళ్ళి మళ్ళీ ఫాస్ఫేటే."

ఆమె ట్రే వెనక్కి తీసుకుని, ముక్కల్ని రెండేసి చేసింది. ఆయన నిలబడే ఉన్నాడు. డ్రమ్ము తాళంచెవి ఇప్పుడు ఆయన నడుముకుంది.

"ఫాస్ఫేటు ఎంతుంది?" అంది, కత్తి ఆపకుండా.

జవాబు రాదనుకుంది.

"సున్నా పాయింట్ ఒకటి రెండు. దిగుతోంది."

"ఎన్నిసార్లు చేశారు?"

"మూడు. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకో."

"నాకు ఇప్పుడు ఆ నేలమాళిగలోకి అనుమతి లేదు."

"తెలుసు," అన్నాడు బావ, ట్రే అందుకుంటూ. "అందుకే రమ్మంటున్నా."

ఆయన వెళ్ళాక తలుపు దానంతటదే మూసుకుంది. ఆమె కాసేపు ఆ తలుపు వైపు కోపంగా చూసింది. మూడుసార్లూ ఒకే అంకె వచ్చిందో, వేరువేరుగా వచ్చాయో అడగలేదని అప్పుడు తోచింది. రేపు అడగాలనుకుంది. ఇంకో పలక తీసి బల్ల అంచున నిలబెట్టి, ఈసారి ముందే చిన్న ముక్కలుగా కొయ్యడం మొదలుపెట్టింది.